అన్నమ్మ చేతిలో పుస్తకం

తెలుగునాట ఆడపిల్లల చదువు చరిత్రను మనం దాదాపు ఎప్పుడూ ఒకే చోటు నుంచి మొదలుపెడతాం. 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం పెట్టిన బాలికల బడి. అక్కడి నుంచి 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిగిన మొదటి వితంతు వివాహం, ఆపైన పత్రికలు, సమాజాలు, స్త్రీల సభలు. ఈ వరసలో బడి పెట్టేవాడు మగవాడు, బడికి వచ్చేది ఆడపిల్ల. వితంతువు జాలిపడదగ్గ మనిషి, మళ్ళీ పెళ్ళి చేసి గట్టెక్కించవలసిన మనిషి. భండారు అచ్చమాంబను, ఆమె తోటి రచయిత్రులను వెలికితీసి స్త్రీవాద పరిశోధకులు ఈ వరసను బాగానే కుదిపారు. సావిత్రిబాయి ఫూలే 1848లో పూనాలో మొదలుపెట్టిన పని గురించి తెలిశాక "మొదటి" అన్న మాట వాడడానికే అందరం కాస్త జంకుతున్నాం. అయినా నేను చదివిన స్త్రీ విద్య చరిత్రల్లో, సాహిత్య చరిత్రల్లో ఒక పేరు నాకు ఎక్కడా తగల్లేదు.

ఆమె పేరు జ్ఞానమ్మ. 1822లో గుంటూరు ప్రాంతంలోని ఫిరంగిపురంలో ఒక కతోలిక కుటుంబంలో పుట్టింది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, నడివయసులో భర్త పోయాడు. ఆ తర్వాత 1860ల మొదట్లో సొంత ఊళ్ళో ఆడపిల్లల కోసం బడి తెరిచింది. 1863లో మద్రాసు దగ్గర కీలచ్చేరిలో తనతో కలిసి వచ్చిన స్త్రీలతో పునీత అన్నమ్మ పేరు మీద ఒక సభ స్థాపించింది. ఆ సభ పని ప్రధానంగా ఆడపిల్లలకు చదువు చెప్పడం. 1874 డిసెంబరులో చనిపోయింది. అంటే వీరేశలింగం బడి తెరిచిన ఏడాదే జ్ఞానమ్మ జీవితం ముగిసింది. అప్పటికి ఆమె బడి పంతులమ్మగా, బళ్ళు నడిపే మనిషిగా పదేళ్ళకు పైగా బతికింది.

ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క కోసం ఈ తేదీలు చెప్పడం లేదు. మన చరిత్రలో వితంతువు అనగానే ఎవరో ఒకరు ఉద్ధరించాల్సిన మనిషే మనసులో మెదులుతుంది. ఇక్కడ ఒక వితంతువు ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. రెండో పెళ్ళి దారిలోనూ పోలేదు, మూలన కూర్చోనూ లేదు. భర్త లేని ఆడది ఊళ్ళో ఏ పనికీ ఎదురు రాకూడదనుకునే కాలంలో, ఊరి ఆడపిల్లల్ని తన చుట్టూ కూర్చోబెట్టుకుంది. కతోలిక సంఘం ఆమెను పునీతురాలిగా ప్రకటించే ప్రక్రియను 2014లో మొదలుపెట్టింది. చర్చి ఆమెను పీఠం మీదికి ఎక్కిస్తే ఎక్కించనివ్వండి. మన వంతుగా మనం ఆమెను చరిత్రలోకి, బడిగదిలోకి తెచ్చుకోవాలి కదా!

ఎందుకు కనపడలేదు?

కారణాలు వెతకడం కష్టమేమీ కాదు. మిషనరీ బడి అనగానే మన అభ్యుదయ రచన ఇబ్బందిగా కదులుతుంది. మతమార్పిడి, వలసపాలన, తెల్లదొర అన్న మూడు మాటలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చర్చి రాసుకున్న చరిత్రలేమో గురువుల చరిత్రలు. ఏ స్వామి ఏ సంవత్సరం వచ్చాడు, ఏ గుడి కట్టాడు అనేవి వాటిలో ఉంటాయి. చదువు చెప్పిన స్త్రీలు "వారికి తోడ్పడిన సిస్టర్లు" అన్న ఒక్క వాక్యంలో కలిసిపోతారు. ప్రొటెస్టెంటు మిషన్ల మీద కొంత పని జరిగింది. 1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ దొర లూథరన్ మిషన్, ఒంగోలులో క్లౌ దొర బాప్టిస్టు మిషన్, ఇళ్ళలోకి వెళ్ళి చదువు చెప్పిన బైబిలు స్త్రీలు మన పరిశోధనల్లోకి వచ్చారు. కతోలిక బడి మాత్రం రాలేదు.

ఇందులో భాష పాత్ర కూడా ఉంది. తెలుగులో "కాన్వెంటు" అన్న మాట చూడండి. అసలు అర్థం మఠకన్యలు ఉండే ఇల్లు. మన దగ్గర అది ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి మారుపేరైంది. సిస్టరమ్మ నీడ కూడా పడని బడికి, శ్రీ సరస్వతి పేరు పెట్టుకున్న బడికి కూడా జనం కాన్వెంటు అనే అంటారు. మన కథల్లో, వ్యాసాల్లో కాన్వెంటు చదువు అంటే టై, బూట్లు, తెలుగు మాట్లాడితే జరిమానా. ఆ బళ్ళు ఉన్నాయి, ఆ విమర్శ న్యాయమైనదే. కానీ గుంటూరు, కృష్ణా, పల్నాడు పల్లెల్లో సిస్టర్లు నడిపిన బళ్ళలో ఎక్కువ భాగం ఇంకో రకం. గోడ మీద ఆర్‌.సి.ఎం. ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాల అని నీలిరంగు అక్షరాలు, తెలుగు మీడియం, ఒకటి నుంచి ఐదు దాకా, మూడు గదులు, ఒక వరండా. అందులో చదివే పిల్లలు చాలామంది మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి వచ్చినవాళ్ళు. టైలు కట్టుకున్న బడి మీద మనకు బోలెడు సాహిత్యం ఉంది. పలకలు పట్టుకుని, చెప్పుల్లేకుండా వెళ్ళిన ఈ బడి మీద చాలా తక్కువ.

నేను 1990లలో అలాంటి ఒక బడిలో చదివాను. మా అమ్మ అదే బడిలో చదివింది. అమ్మమ్మ మూడో తరగతి దాకా చదివి మానేసింది. అందువల్ల ఈ వ్యాసంలో పుస్తకాల నుంచి తెలిసినవీ, మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళ నుంచి తెలిసినవీ కలిసే ఉంటాయి.

బడిలో ఒక రోజు

పొద్దున గంట కొట్టగానే వరసలు. ముందు పరలోక జపం, మంగళవార్త జపం, ఆ తర్వాత ప్రతిజ్ఞ. మన దేశమంతా బళ్ళలో చెప్పే ఆ ప్రతిజ్ఞ రాసినాయన నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1962లో రాశారు. మా పిల్లలకు రెండూ ఒకే ఊపిరిలో వచ్చేవి, దేవుడి ముందు ఒక మాట, దేశం ముందు ఒక మాట. మధ్యాహ్నం గుడి గంటకు త్రికాల జపం. పలక మీద లెక్క సగంలో ఉన్నా లేచి నిలబడాలి. అక్టోబరు జపమాల మాసం కాబట్టి సాయంత్రం బడి వదిలాక మరియమాత బొమ్మ దగ్గర జపమాల. ఫిబ్రవరిలో గుణదల. 1924లో విజయవాడ గుణదల కొండ దగ్గర ఒక ఇటాలియన్ గురువు నిలిపిన లూర్దుమాత బొమ్మ, ఇప్పుడు లక్షలమంది వచ్చే తిరునాళ్ళు. ఫిబ్రవరి 11 ముందు రోజుల్లో మా బడిలో హాజరు పట్టీ బోసిపోయేది. తలనీలాలకు, కొబ్బరికాయలకు, మొక్కుబడి చీరలకు తల్లులతో కలిసి పిల్లలు రైలెక్కేవాళ్ళు.

లూర్దు కథ సిస్టరమ్మ మాకు చెప్పేది. 1858లో ఫ్రాన్సులో పద్నాలుగేళ్ళ పేదపిల్ల బెర్నదెత్తకు మాత కనిపించింది. ఆ పిల్లకు చదువు రాదు. జ్ఞానోపదేశం పాఠాలు పట్టుబడక అప్పటికింకా ప్రథమ దివ్యసత్ప్రసాదం తీసుకోలేదు. బడిలో చెప్పే ఫ్రెంచి భాష కూడా ఆమెకు రాదు, తమ పల్లెమాటే వచ్చు. మాత ఆమెతో ఆ పల్లెమాటలోనే మాట్లాడింది. మా యాసకు ఎవరైనా నవ్వినప్పుడు సిస్టరమ్మ ఈ కథనే గుర్తు చేసేది. నా మొదటి భాషాశాస్త్ర పాఠం అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఈ జపాల గురించి ఒక మాట చెప్పాలి. మంగళవార్త జపంలో "గర్భం" అన్న మాట ఉంది. ఆడపిల్ల నెలసరిని సైగలతో చెప్పుకునే ఊళ్ళో, కడుపుతో ఉందనడానికి కూడా గొంతు తగ్గించే ఇళ్ళలో, ఆరేళ్ళ మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి రోజూ ఆ మాటను గట్టిగా, సిగ్గులేకుండా పలికేవాళ్ళు. అదే సంప్రదాయం ఆ గర్భాన్ని కన్యత్వంతో ముడిపెట్టి ఆడదాని శరీరానికి అందుకోలేని కొలత ఒకటి పెట్టిందని స్త్రీవాదులుగా మనకు తెలుసు. రెండూ ఒకే జపంలో ఉన్నాయి. పిల్లలుగా మాకు మొదటిదే అందింది. రెండోది పెద్దయ్యాక, పెళ్ళి మాటలు మొదలయ్యాక తెలిసింది.

మా తరగతిలో హిందువుల పిల్లలున్నారు, ఇద్దరు ముగ్గురు ముస్లిం పిల్లలున్నారు. ప్రభుత్వ సహాయం అందుకునే బడిలో ఏ పిల్లనూ ఆమె ఇంటివాళ్ళ సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టరాదని రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు చెబుతుంది. మా బడిలో అది అమలయ్యే పద్ధతి వేరు. జ్ఞానోపదేశం గంటకు కతోలిక పిల్లలు ఒక గదిలోకి, మిగతావాళ్ళు నీతి కథల కోసం చెట్టు కిందికి. చెట్టు కింద గాలి బాగుండేది, కథలు కూడా. మేమే వాళ్ళను చూసి కుళ్ళుకునేవాళ్ళం. పొద్దుటి జపం మాత్రం అందరికీ వచ్చేది, ఎవరూ నేర్పకుండానే. నా పక్కన కూర్చునే ముస్లిం పిల్ల వాళ్ళ నాన్నమ్మను అడిగి వచ్చి, ఖురానులో మరియమ్మ పేరుతో ఒక అధ్యాయమే ఉందని చెప్పింది. మా బైబిల్లో మరియమ్మ పేరుతో పుస్తకం ఉందేమోనని నేను వెతికాను. లేదు.

ఈ కలివిడిని మరీ తీపి చేసి చెప్పుకోనక్కర్లేదు. జపం చెప్పడానికి ఇష్టం లేని పిల్ల మౌనంగా నిలబడవచ్చు, నిజమే. కానీ నూటయాభైమంది గొంతెత్తినప్పుడు మౌనంగా నిలబడడం ఆరేళ్ళ పిల్లకు ఎంత కష్టమో, ఇంకో రకం బళ్ళలో ఇంకో రకం ప్రార్థనలకు నిలబడే క్రైస్తవ పిల్లల తల్లిగా ఇవాళ నాకు బాగా అర్థమవుతుంది.

పాపాల జాబితా

1910 ఆగస్టులో పదో భక్తినాథ పోపు ఒక ఉత్తర్వు ఇచ్చాడు. అంతవరకూ చాలాచోట్ల పన్నెండు, పద్నాలుగేళ్ళ దాకా ఆగిన ప్రథమ దివ్యసత్ప్రసాదాన్ని, మంచిచెడ్డలు తెలిసే వయసుకు, అంటే సుమారు ఏడేళ్ళకే ఇవ్వాలన్నాడు. రోములో రాసిన ఈ కాగితం ప్రపంచమంతటా కతోలిక ప్రాథమిక బడి స్వరూపాన్నే మార్చింది. ఆ సంస్కారానికి పిల్లల్ని సిద్ధం చేసే పని రెండో తరగతికో మూడో తరగతికో వచ్చిపడింది. ఆ తరగతులకు పాఠం చెప్పేది ఎక్కడైనా ఆడవాళ్ళే.

మా బడిలోనూ అంతే. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. కంఠతా పెట్టించింది సిస్టరమ్మ. ఇంట్లో అప్పజెప్పించుకున్నది అమ్మ. తెల్లగౌను కుట్టింది మేనత్త. చేతులెలా జోడించాలో, నాలుక ఎంత చాపాలో నేర్పింది మళ్ళీ సిస్టరమ్మే. ఆ ఆదివారం వచ్చేసరికి సిస్టరమ్మ ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుంది. పీఠం దగ్గర ఉన్నది స్వామిగారు, ఆయన పక్కన గంట కొట్టే మగపిల్లలు. 1994లో ఆడపిల్లలు కూడా పీఠం దగ్గర సేవ చేయవచ్చని రోము నుంచి అనుమతి వచ్చింది, కానీ నిర్ణయం పీఠాధిపతులకు, విచారణ గురువులకు వదిలేశారు. మా ఊళ్ళో నా చిన్నతనమంతా గంట మగపిల్లల చేతిలోనే ఉంది. 2021లో పోపు ఫ్రాన్సిస్ చర్చి చట్టంలోనే మార్పు చేసి పఠనసేవ, పీఠసేవ స్త్రీలకు అధికారికంగా తెరిచాడు. అంటే ఎన్నో తరాలుగా పిల్లలకు వాక్యం చదవడం నేర్పిన స్త్రీలకు, గుడిలో ఆ వాక్యం చదివే హోదా కాగితం మీద దక్కింది 2021లో.

సత్ప్రసాదానికి ముందు పాపసంకీర్తనం. ఎనిమిదేళ్ళ పిల్లకు పాపాలెక్కడివి? అందుకని సిస్టరమ్మ మాకు గుర్తుచేసేది. అబద్ధాలు, పెన్సిలు దొంగతనం, పెద్దల మాట వినకపోవడం. మగపిల్లలకు చెప్పినవాటికి మా జాబితాలో రెండు మూడు ఎక్కువుండేవి. గట్టిగా నవ్వడం, అద్దంలో చూసుకోవడం, ఇంటి పని చెబితే విసుక్కోవడం. ఆ జాబితా ఏ జ్ఞానోపదేశం పుస్తకంలోనూ ఉండదు. అది ఊరి నుంచి గుడిలోకి నడిచి వచ్చింది. చదువు చెప్పే స్త్రీ చేతే, చదువుకునే ఆడపిల్లకు ఊరి కట్టుబాటును పాపం పేరుతో నేర్పించగలగడం పితృస్వామ్యం నేర్పరితనం. అదే సిస్టరమ్మ నేను బొమ్మలు లేని పుస్తకం మొదటిసారి చదివినప్పుడు అర్ధరూపాయి చాక్లెట్టు ఇచ్చిందని కూడా రాయాలి. ఇవి రెండూ చేసింది ఒకే మనిషి.

మరియమ్మ వేషం ఎవరికి?

కతోలిక బడి గురించి రాస్తూ కులం గురించి రాయకపోతే సగమే రాసినట్టు. 18వ శతాబ్దంలో పుదుచ్చేరి వైపు నుంచి వచ్చిన ఫ్రెంచి జెస్విటు గురువులు కర్నాటక మిషన్ పేరుతో తెలుగు సీమలో పనిచేశారు. కాషాయం కట్టి, శాకాహారం తిని, బ్రాహ్మణ సన్యాసుల్లా బతికారు. పై కులాలను ఆకట్టుకోవడానికి ఎంచుకున్న ఆ పద్ధతి కులాన్ని ముట్టుకోకుండా మతాన్ని ఇచ్చింది. రెడ్లు, కమ్మవారు తమ కులంతో సహా కతోలికులయ్యారు. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దంలో మాల, మాదిగలు పెద్ద సంఖ్యలో వచ్చేసరికి గుడి అప్పటికే ఊరిలో ఉంది, పల్లెలో లేదు. కతోలిక తెలుగులో ఉన్న గంభీరమైన సంస్కృత పదాలు, జ్ఞానస్నానం, దివ్యబలిపూజ, అర్చ్యశిష్టులు అన్నవి, ఆ చరిత్ర గుర్తులే. మా అమ్మమ్మ "జ్ఞానస్నానం" అనలేక "గ్యానతానం" అనేది. కానీ ఆ స్నానం తనదని ఆమెకు ఏ అనుమానమూ లేదు.

బడిలో కులం గురించి పాఠం ఉండదు. అది డిసెంబరులో వచ్చేది, క్రిస్మస్ నాటకం రూపంలో. మరియమ్మ వేషానికి ప్రతి ఏడూ ఊరి వైపు నుంచి వచ్చే తెల్లటి పిల్లనే ఎంపిక చేసేవాళ్ళు. దేవదూతలు కూడా ఊరి పిల్లలే. పల్లె పిల్లలం గొర్రెల కాపరులం, కొందరం గొర్రెలం. ఎవరూ ఏమీ అనలేదు, ఏ నియమమూ లేదు. నీలం చీర ఆ పిల్లకే బాగుంటుందని అందరికీ అనిపించేది, మాకు కూడా. మాకు కూడా అలా అనిపించడమే అసలైన గాయం. నిజానికి మరియమ్మ ఎవరు? పురుడు పోసుకోవడానికి చోటు దొరకక పశువుల కొట్టంలో ప్రసవించిన పనివాడి భార్య. ఆ వేషం వెయ్యడానికి మా పల్లెలో ఏ తల్లికైనా సాధన అక్కర్లేదు.

ఇంకో కాగితం ఉంది. బడి రిజిస్టరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని వ్యక్తి షెడ్యూల్డు కులానికి చెందరు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు ఇచ్చారు. దళిత క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బి.సి.-సి, ఒక శాతం రిజర్వేషన్. అందువల్ల పల్లెల్లో చాలామంది పిల్లలకు రెండు పేర్లు. బడి రిజిస్టరులో ఒక పేరు, హిందూ అన్న మాట. గుడి రిజిస్టరులో ఇంకో పేరు, జ్ఞానస్నానం తేదీ. రెండు రిజిస్టర్లూ ఒకే ప్రాంగణంలో, కొన్నిచోట్ల ఒకే బీరువాలో ఉండేవి. పొద్దున హాజరులో ఒక పేరుకు పలికిన పిల్ల, సాయంత్రం జపమాల దగ్గర ఇంకో పేరుకు పలికేది. నాకూ రెండు పేర్లున్నాయి. ఈ రెండో పేరును మోసం అనేవాళ్ళకు, ఆ పిల్లను ఆ ఇరుకులోకి నెట్టిన చట్టాన్ని గురించి కూడా మాట్లాడమని చెప్పాలి. మతం మారితే అంటరానితనం పోతుందని ఆ ఉత్తర్వు అనుకుంది. క్రిస్మస్ నాటకం చూసి ఉంటే అలా అనుకునేది కాదు.

గోగు శ్యామల "నల్లపొద్దు" సంకలనం, చల్లపల్లి స్వరూపరాణి కవిత్వం, ఎం.ఎం. వినోదిని రచనలు వచ్చాక దళిత స్త్రీ గొంతును పక్కన పెట్టి తెలుగు స్త్రీవాదం గురించి మాట్లాడడం సాధ్యం కాదు. ఆ గొంతుకు మొదటి అక్షరాలు ఏ అరుగు మీద వచ్చాయన్న ప్రశ్న కూడా మన పరిశోధనలో భాగం కావాలి.

ఎవరీ సిస్టరమ్మలు?

1849లో ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉన్న యానాంలో ఆన్సీ నుంచి వచ్చిన పునీత జోజప్ప సభ సిస్టర్లు దిగారు. 1871లో సికింద్రాబాదుకు ఇటలీలోని టూరిన్ నుంచి ఇంకో అన్నమ్మ సభ వచ్చింది. 1904లో హాలెండు నుంచి జె.ఎం.జె. సిస్టర్లు గుంటూరు వచ్చారు. ఆసుపత్రి, బళ్ళు, తర్వాత 1953లో ఏలూరు సెయింట్ తెరీసా మహిళా కళాశాల వాళ్ళవే. వీళ్ళకంటే జ్ఞానమ్మ సభ కథ నాకు ఎక్కువ విలువైనది, అందులో ఓడ దిగి వచ్చినవాళ్ళు లేరు కాబట్టి.

ఊళ్ళో సిస్టరమ్మ ఒక వింత మనిషి. పెళ్ళి లేదు, అయినా ఎవరూ జాలిపడరు. పిల్లల్లేరు, అయినా గొడ్రాలనరు. జీతం లెక్కలు, తాళాలు, మోపెడ్, డి.ఇ.ఓ. ఆఫీసుతో ఉత్తరాలు, అన్నీ ఆమె చేతిలో. పెళ్ళి తప్ప ఇంకో బతుకు ఉంటుందని మా పల్లె ఆడపిల్లలకు కళ్ళెదురుగా చూపించిన మొదటి మనిషి ఆమె. మా పెద్దమ్మ కూతురు పద్నాలుగేళ్ళకు సంబంధం వస్తే "నేను సిస్టర్ల దగ్గరికి పోతా" అని మూడేళ్ళు నెట్టుకొచ్చింది. చివరికి పోలేదు, నర్సింగు చదివింది. దైవపిలుపు అన్న మాట ఆమెకు ఆ మూడేళ్ళూ అండగా నిలిచింది.

అయితే ఆ స్వేచ్ఛకు హద్దులున్నాయి. విధేయత వ్రతం, పై నుంచి వచ్చే బదిలీ, స్వామిగారి మాట. బడి పేరు మీద స్థలం మేత్రాసనానిది, చాకిరీ సిస్టర్లది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటివారు, దళితుల్లో మొదటివారు. అది మా పల్లెల్లో నిజమైన పండుగ, నేనూ మురిసిపోయాను. ఆయన తరం పల్లె పిల్లలకు అక్షరాలు దిద్దించిన స్త్రీలకు మాత్రం ఆ మెట్లలో మొదటి మెట్టు కూడా లేదు. రెండు మాటలూ కలిపే చెప్పుకోవాలి.

అమ్మ చదివేనాటికి బడిలో అమెరికా నుంచి వచ్చిన గోధుమ నూకతో ఉప్మా, పాలపొడి కలిపిన పాలు. తిండి కోసం మతం పుచ్చుకున్నారని ఊరివాళ్ళు ఎకసెక్కాలాడేవాళ్ళట. అమ్మ జవాబు ఇప్పటికీ అదే: "పాలపొడి అయిపోయింది, చదువు మిగిలింది." 2003లో ప్రభుత్వమే అన్ని బళ్ళలో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టాక ఆ ఎకసెక్కం ఆగిపోయింది. ఆకలితో ఉన్న పిల్లకు ముందు అన్నం పెట్టాలన్నది ఎవరి మతమూ కాదని అందరికీ అర్థమైంది.

ఇప్పుడు

ఆ బళ్ళు పోతున్నాయి. ఎయిడెడ్ ఉద్యోగాల ఖాళీలను చాలా ఏళ్ళు నింపలేదు. పల్లె తల్లిదండ్రులు కూడా అప్పోసప్పో చేసి ఇంగ్లీషు మీడియం వైపు పోయారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను, సిబ్బందిని అప్పగించండి లేదా సహాయం లేకుండా నడుపుకోండి అన్నట్టు ఎంపికలు పెట్టింది. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఆ నవంబరులో, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడానికి వీలు కల్పించారు. అప్పటికే కొన్ని బళ్ళు మూతపడ్డాయి, కొన్ని ఫీజుల బళ్ళుగా మారాయి. బడి మూతపడితే బెంచీలు ఎటో పోతాయి, రిజిస్టర్లు చెదలకు పోతాయి. ఊరి ఆడపిల్లల్లో ఎవరు ఏ ఏడు బడిలో చేరారు, ఏ తరగతిలో మానేశారు, ఏ కారణం రాశారు అన్నది ఇంకెక్కడా దొరకదు. "వివాహము" అన్న ఒక్క మాట ఆ కారణాల గడిలో ఎన్నిసార్లు ఉందో లెక్కపెడితే, మన స్త్రీ విద్య చరిత్రలో ఒక అధ్యాయం తయారవుతుంది.

అందుకని ఈ పత్రిక చదివే పరిశోధకులకు, ముఖ్యంగా పిహెచ్.డి. అంశాల కోసం వెతుకుతున్న అమ్మాయిలకు నా విన్నపం. మీ జిల్లాలో మిగిలి ఉన్న ఆర్‌.సి.ఎం. బడికి వెళ్ళండి. ప్రవేశ రిజిస్టర్లు చూడండి, జూబిలీ సంచికలు సేకరించండి. పదవీ విరమణ చేసి మఠాల్లో ఉంటున్న సిస్టర్లను, బడిలో ఆయాలుగా పనిచేసిన స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడించండి. వాళ్ళు స్వామివార్ల గొప్పల నుంచే మొదలుపెడతారు, అలవాటు. కాసేపు ఆగితే తమ గురించి చెప్తారు.

జ్ఞానమ్మ తన సభకు అన్నమ్మ పేరు పెట్టుకుంది. అన్నమ్మ మరియమ్మ తల్లి. ఆమె పేరు బైబిల్లో ఎక్కడా లేదు, చర్చి ప్రామాణికంగా అంగీకరించని పాత గ్రంథాల నుంచి వచ్చింది. అయినా మధ్యయుగాల యూరపు చిత్రకారులు ఆమెను మళ్ళీ మళ్ళీ గీశారు. ఒక తల్లి పుస్తకం తెరిచి పట్టుకుంటుంది, పక్కన నిలబడ్డ చిన్నపిల్ల అక్షరాల మీద వేలు పెట్టి చదువుతుంది. ఏ గ్రంథంలోనూ ఆధారం లేని దృశ్యం అది. ఎవరూ రాసిపెట్టకపోయినా, ఆ పిల్లకు చదవడం ఎవరు నేర్పి ఉంటారని ఆలోచించినవాళ్ళకు తల్లే తట్టింది. మన చరిత్రలో కూడా చాలాచోట్ల ఆధారం అంతే ఉంటుంది. పిల్లలకు చదువు వచ్చింది, కాబట్టి ఎవరో ఒకామె నేర్పింది. ఆమె పేరేమిటో ఇంకా తెలుసుకోగలిగిన కాలంలోనే మనం ఉన్నాం.